నీడకూ కూలి

మా వీధి చివర కాలువ కోసం తవ్వుతున్నారు. తవ్వకానికి నాలుగడుగుల దూరంలో వేపచెట్టు ఉంది. పొద్దున పదకొండు దాటాక ఆ దారిన వెళ్తే చెట్టు మొదట్లో కూలీలు కూర్చుని కనిపిస్తారు. ఒకావిడ తలగుడ్డ విప్పి మెడా మోచేతులూ తుడుచుకుంటూ ఉంటుంది. ఒకతను పలుగు పక్కన పడేసి, చెట్టుకు వీపు ఆనించి కళ్లు మూసుకుని ఉంటాడు. మట్టి మోసిన తట్టలు బోర్లా పడి ఉంటాయి. ఇంతలో సందు మలుపులో మోటారు సైకిల్ చప్పుడవుతుంది. అంతే, అందరూ ఒక్కసారి లేస్తారు. ఆవిడ తలగుడ్డ సగం చుట్టుకుంటూనే తట్ట అందుకుంటుంది. వచ్చింది మేస్త్రీ కాదని తెలిశాక కూడా వెంటనే కూర్చోరు. ఒకటి రెండు తట్టలు మోసి, అప్పుడు మెల్లగా నీడకు చేరతారు. ఒక్కోసారి ఆ వచ్చేది నేనే. నేను వాళ్లకు కూలి ఇచ్చే మనిషిని కాను, పని పురమాయించే మనిషినీ కాను. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఉంది, అంతే. ఆ చొక్కాను చూసి వాళ్లు లేచి నిలబడటం కొద్ది రోజులుగా నా మనసులోంచి పోవడం లేదు.

వాళ్లు ఏం తప్పు చేస్తూ దొరికిపోయినట్టు లేచారు? అగ్ని నక్షత్రం, అంటే నడివేసవి మండే ఎండలు నడుస్తున్న రోజులు. ఆరింటికి మొదలుపెట్టిన మనుషులు పదకొండింటికి కాసేపు కూర్చున్నారు. బ్యాంకులో గుమాస్తా టీ తాగుతుంటే మనం లోపలికి వెళ్తాం, అతను గ్లాసు దాచుకోడు. బస్సు డ్రైవరు స్టాండులో స్టీరింగు మీద తల వాల్చి కునుకు తీస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఒళ్లు వంచి పని చేసేవాళ్ల విశ్రాంతి మాత్రం చూసేవాళ్ల కంటికి దొంగతనంలా ఎందుకు ఆనుతుంది? నేనే లేనిది ఊహిస్తున్నానేమో, అది వాళ్ల అలవాటు మాత్రమేనేమో అని కూడా అనుకున్నాను. కానీ అలవాటు గాలిలోంచి పుట్టదు కదా. ఎన్నేళ్లు, ఎంతమంది మేస్త్రీలు, ఎన్ని అరుపులు కలిస్తే చప్పుడు వినగానే కాళ్లు వాటంతటవే లేస్తాయి! కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పిల్లలకు చెప్పి పెంచాం. రెక్కాడితేగాని డొక్కాడదని వాళ్లు తమకు తామే చెప్పుకుంటూ బతికారు. ఎండలో ఆడే రెక్క ఎంతసేపటికోసారి ఆగాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

మాది రాజపాళయం. విజయనగర కాలంలో తెలుగు నేల విడిచి వచ్చిన రాజులు స్థిరపడ్డ ఊరు. ఇళ్లలో తెలుగు, బజార్లో తమిళం. పడమటి దిక్కున కనుమలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. నైరుతి మేఘాలు ఆ గోడకు అవతల కేరళలో కురిసి, ఇటు వచ్చేసరికి చాలావరకు ఖాళీ అవుతాయి. మాకు అసలు వాన అక్టోబరు, నవంబరుల్లోనే. మిగతా కాలమంతా మా విరుదునగర్ జిల్లాకు దండిగా దొరికేది ఎండే. ఆ ఎండనే మావాళ్లు పెట్టుబడిగా మార్చుకున్నారు. గంట ప్రయాణంలో ఉన్న శివకాశిలో 1920లలో అగ్గిపెట్టెల పరిశ్రమ వేళ్లూనుకుని, ఆ తర్వాత టపాసులు, అచ్చు పని పెరిగాయంటే, ఇక్కడి పొడి గాలి దానికి ఒక ముఖ్య కారణం. మందు ఆరాలి, కాగితం ఆరాలి, జిగురు ఆరాలి. ఎండ తగ్గితే పని తగ్గుతుంది. ఎండ ముదిరితే పని జోరందుకుంటుంది. లోకమంతా ఎండ ఎక్కువైతే పని ఆపాలని చెబుతుంటే, ఎండ కాస్తేనే పని నడిచే ఊళ్లలో ఆ మాట ఎలా చెప్పాలి? ఎవరికి చెప్పాలి?

ఇక్కడికి దగ్గర్లోనే సత్రపట్టి ఉంది. దేశంలో ఎక్కడ గాయమైనా కట్టే కట్టుగుడ్డలో చాలా భాగం ఆ చుట్టుపక్కల మరమగ్గాల మీద నేసిందే. మగ్గం మీంచి దిగిన గుడ్డకు గంజి వాసన ఉంటుంది, రంగు మాసినట్టు ఉంటుంది. దాన్ని ఉడికించి, తెల్లబరిచి, బయట మైదానంలో ఆరేస్తారు. ఒకసారి మధ్యాహ్నం అక్కడ నిలబడి చూశాను. తడి గుడ్డ బరువు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని నడుస్తూ పరుస్తారు. నేల మీంచి వేడి, పైనుంచి వేడి, తెల్లటి గుడ్డ మీద పడి మొహానికి కొట్టే వెలుగు ఇంకొకటి. కళ్లు చికిలించుకునే పని చేస్తారు. ఒక కొస ఆరేసి రెండో కొసకు వెళ్లేసరికి మొదటిది ఆరడం మొదలవుతుంది. వెంటనే తీసి మడవాలి, లేకపోతే గాలికి దుమ్ము పడుతుంది. గుడ్డకు ఎండ తగిలినంతసేపు మనిషికి నీడ దొరకదు. పట్టు పురుగుకు ఆకు, గుడ్డకు ఎండ అన్నంత సహజంగా అందరూ ఆ పనిని చూస్తున్నారు. రోగి గాయానికి చుట్టే గుడ్డ శుభ్రంగా ఉండాలని ఎన్నో ప్రమాణాలు రాశారు. ఆ గుడ్డను ఆరేసిన చేతులు ఎంతసేపటికోసారి నీడకు రావాలో ఆ ప్రమాణాల్లో ఎక్కడుంది?

నూలు మిల్లు సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించాక ఈ ఊరు మిల్లుల ఊరైంది. షిఫ్టు సైరన్లతోనే మా ఇళ్లలో పొద్దు తెలిసేది. పత్తి నూలు పొడిగా ఉంటే పుటుక్కున తెగుతుంది, అందుకని వడికే చోట గాలిలో తేమ నింపుతారు. ఇంటి పక్క తాత ఒకాయన మిల్లులో రింగు ఫ్రేముల దగ్గర పని చేసి రిటైరయ్యాడు. వైశాఖంలో షిఫ్టు దిగి బయటి ఎండలోకి వచ్చినా హాయిగా ఉండేదని ఆయన చెబితే చిన్నప్పుడు నమ్మలేదు. తర్వాత చదువుకుంటే అర్థమైంది. చెమట పడితే చాలదు, అది ఆరాలి. ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. తేమ నిండిన గాలిలో చెమట కారిపోతుందే తప్ప ఆరదు. 1905లో బ్రిటన్‌కు చెందిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ కార్న్‌వాల్ తగరపు గనుల్లో పరిశీలించి తేల్చిన విషయం ఇదే. మామూలు ఉష్ణమాపకం చెప్పే అంకెను బట్టి మనిషి ఓపిక తెలియదు, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చెప్పేదే లెక్క అన్నాడాయన. కదలని గాలిలో ఆ అంకె దాదాపు 25.5 డిగ్రీలు దాటితే బరువు పని ఆపకుండా సాగదని గుర్తించాడు. అంటే నూలుకు తేమ కావాలని తేమ పెట్టాం, గుడ్డకు ఎండ కావాలని ఎండలో పెట్టాం. సరుకు ఏం కోరుతుందో ఇంత శ్రద్ధగా కనిపెట్టినవాళ్లం, మనిషి ఒళ్లు ఏం కోరుతుందో అంత శ్రద్ధగా ఎందుకు అడగలేదు?

ఒంటి లెక్క అంత కష్టమైనదేం కాదు. మనం తిన్న తిండిలోంచి కండరం వాడుకునే శక్తిలో పనిగా మారేది నాలుగో వంతు, లేదా అంతకన్నా తక్కువ. మిగిలిన మూడు వంతులూ వేడే. అంటే పలుగు ఎత్తిన ప్రతిసారీ మట్టి కదిలినదానికన్నా ఒళ్లు కాగింది ఎక్కువ. ఆ వేడిని బయటికి పంపే ప్రధాన దారి చెమట. ఒక లీటరు చెమట ఒంటి మీద పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. బరువు పని చేసే మనిషి గంటలో పుట్టించే వేడి దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి గంటకో లీటరు నీళ్లు లోపలికి వెళ్లాలి, అవి చర్మం మీదికి రావాలి, వచ్చినవి ఆరాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా వేడి లోపలే పేరుకుంటుంది. గుండె పరిస్థితి ఇంకా ఇరకాటం. కండరానికి రక్తం పంపాలి, వేడి దించడానికి చర్మానికీ పంపాలి. ఉన్న రక్తం అదే, పైగా చెమటతో కొంత తగ్గింది. నీడలో కూర్చున్న మనిషిని చూసి మనం పని ఆగిపోయిందనుకుంటాం. లోపల గుండె, చర్మం, మూత్రపిండాలు ఆ పది నిమిషాల్లోనే తమ పని చక్కబెట్టుకుంటున్నాయి. అప్పటిదాకా వాటికి తీరిక దొరకలేదు.

ఇవన్నీ తెలియకుండానే తెలిసినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. కొండ కింద మామిడి తోటల్లో కాయ కోసే ముఠాలు తెల్లవారకముందే చెట్టు కింద ఉంటాయి. వాళ్లలో పండిపోయిన మనిషి ఎవరో ఒకరుంటారు. అతను మొదటి గంటలో తొందరపడడు. కొత్తగా చేరిన కుర్రాడు బుట్ట మీద బుట్ట పరుగున మోస్తుంటే చూసి, "తంబీ, ఇంకా సూర్యుడే రాలేదు" అంటాడు. అలసట రాకముందే అతను కూర్చుంటాడు. నాకు అందులోని తెలివి చాలా కాలం పట్టుబడలేదు. అలిసిపోయాక కూర్చుంటే తేరుకోవడానికి గంట పడుతుంది. అలిసిపోకముందు కూర్చుంటే పది నిమిషాలు చాలు. దాహం వేసేదాకా ఆగితే ఒళ్లు అప్పటికే నీళ్లు పోగొట్టుకుని ఉంటుంది. అందుకే వేడిలో పనిచేసేవాళ్లు పావుగంటకు, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగాలని వైద్యులు చెబుతారు. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కొత్తవాళ్ల చేత మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే చేయించి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచాలని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ సూచిస్తుంది. మన దగ్గర కొత్తవాడే తన సత్తా చూపించుకోవడానికి మొదటి రోజు అందరికన్నా ఎక్కువ మోస్తాడు. జ్వరం తగ్గి పనిలోకి వచ్చినవాడు పోయిన కూలి రాబట్టుకోవాలని మోస్తాడు. ఆగమని చెప్పే పెద్ద తల పక్కన లేకపోతే ఆ ఇద్దరి గతేమిటి?

పని, విశ్రాంతి పాళ్ల గురించి చదువుతూ వెళ్తే ఒక చోట నాకు గొప్ప ఆశ కలిగి, వెంటనే అనుమానం పుట్టింది. పనిని గడియారం పెట్టి కొలిచిన ఫ్రెడరిక్ టేలర్ 1911లో అచ్చు వేసిన పుస్తకంలో బెత్లెహెం స్టీల్ కంపెనీలో ఇనుప దిమ్మలు మోసే మనుషుల సంగతి రాశాడు. ఒక్కో దిమ్మ 92 పౌన్లు, అంటే 42 కిలోలకు కాస్త తక్కువ. అంత బరువు మోసే మనిషి రోజులో 43 శాతం సమయమే బరువు కింద ఉండాలి, 57 శాతం సమయం చేతులు ఖాళీగా ఉండాలి అన్నది అతను తేల్చిన సూత్రం. నడవమన్నప్పుడు నడిచి, కూర్చోమన్నప్పుడు కూర్చున్న ఒక కూలీ రోజుకు పన్నెండున్నర టన్నులకు బదులు 47 టన్నులు మోశాడని కూడా రాశాడు. సగానికి పైగా రోజు ఖాళీగా ఉండమని చెప్పింది కార్మిక నాయకుడు కాదు, యజమానుల పక్షాన లెక్కలు వేసిన ఇంజనీరు! ఇది చదివి సంతోషించాను. తర్వాతి పేజీలు మింగుడుపడలేదు. మోత దాదాపు నాలుగింతలైంది, కూలి డాలరు 15 సెంట్ల నుంచి డాలరు 85 సెంట్లకే పెరిగింది. కథను అతను పెంచి చెప్పాడని తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు కూడా. ఆ సంగతి అలా ఉంచినా నన్ను ఆపింది ఇంకొకటి. అక్కడ విశ్రాంతి కూడా పైవాడి ఆజ్ఞే. ఒళ్లు అలిసింది ఎవరికో, కూర్చునే సమయం తేల్చేది మరెవరో. విశ్రాంతి దొరికితే చాలదా, ఎవరు ఇస్తే ఏం అంటారా? చాలదనే నాకు అనిపిస్తోంది. ఎండలో ఇద్దరి ఒళ్లు ఒకేలా ఉండవు. నెలసరిలో ఉన్న ఆవిడకు, అరవై దాటిన తాతకు, నిన్న విరేచనాలతో పడుకున్న కుర్రాడికి ఒకే గడియారం ఎలా సరిపోతుంది?

ఇక్కడే నాకు సుమైతాంగి రాళ్లు గుర్తొస్తాయి. తమిళనాట పాత బాటల పక్కన ఇప్పటికీ అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. నిలువుగా పాతిన రెండు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక బండ. ఎత్తు మనిషి భుజం దగ్గరికి వస్తుంది. తల మీద మూట మోసుకొచ్చే మనిషి ఆ బండ దగ్గర ఆగి, వంగకుండా, మరొకరి సాయం అడగకుండా మూటను పక్కకు జరిపి దించుకోవచ్చు. తేరుకున్నాక అలాగే మళ్లీ తలకెత్తుకోవచ్చు. బరువు మోసినవాళ్లకే అందులోని మేలు తెలుస్తుంది. మూటతో నడవడం ఒక కష్టమైతే, నేల మీద దించిన మూటను ఒంటరిగా తలకెత్తుకోవడం అసాధ్యం. ఎత్తేవాళ్లు దొరకరన్న భయంతో దించకుండానే మైళ్లు నడిచేవారు. ఆ భయం లేకుండా చేసింది ఈ బండ. పైభాగం చేత్తో తడిమితే నునుపు తేలి ఉంటుంది, ఎన్ని మూటలు జరిగితే రాయి అలా అరిగిందో. ఈ రాళ్లలో చాలావాటిని కడుపుతో ఉండగానే చనిపోయిన ఆడవాళ్ల జ్ఞాపకంగా వాళ్ల కుటుంబాలు నిలబెట్టాయి. దించుకోలేని బరువుతో వెళ్లిపోయిన మనిషి పేర, దారిన పోయేవాళ్లందరూ బరువు దించుకోవాలని కోరుకున్నారు. అక్కడ ఆగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎంతసేపు ఆగావని అడిగేవాళ్లు లేరు. నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినా విశ్రాంతిని ఇంత గౌరవంగా అర్థం చేసుకున్న ఏర్పాటు ఇంకొకటి కనబడలేదు.

మా పక్క ఊరు శ్రీవిల్లిపుత్తూరు. తెలుగువాళ్లకు అది ఆముక్తమాల్యద ఊరు. కృష్ణదేవరాయలు ఆ కావ్యంలో విష్ణుచిత్తుడి ఇంటి ఆతిథ్యం చెబుతూ, వచ్చిన వైష్ణవులకు ఏ కాలంలో ఏం వడ్డించేవారో వివరంగా రాశారు. వేసవి వడ్డనలో పలుచని అంబలి ఉంది, చెరుకు రసం ఉంది, లేత కొబ్బరి నీళ్లు ఉన్నాయి, వడపిందెలు ఉన్నాయి, నీళ్ల మజ్జిగ ఉంది. కావ్యంలో ఎండాకాలం గురించి గొప్ప గొప్ప వర్ణనలు ఎన్నో ఉన్నా నేను ఈ వంటల వరసనే ఎక్కువ ఇష్టపడతాను. వాటిలోని ఉప్పు, నీరు చెమటోడ్చి నడిచి వచ్చిన మనిషి ఒంట్లోంచి పోయినవే. ఐదు వందల ఏళ్ల కిందటి ఆ కావ్యంలోని ఇంటి యజమాని, గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసేముందు ఆ మనిషి దాటి వచ్చిన ఎండను చూశాడు. ఇప్పటికీ మా దగ్గర వేసవి రాగానే కూడళ్లలో నీళ్ల మజ్జిగ పందిళ్లు వెలుస్తాయి. తాటి ముంజలు, పదనీర్ అనే తాటి నీరా అమ్మేవాళ్లు రోడ్డు పక్కన కూర్చుంటారు. దారిన పోయేవాళ్ల మీద అంత దయ ఉన్న సమాజమే పనిలోకి వచ్చినవాళ్లు రెండోసారి నీళ్లకు వెళ్తే చేతి గడియారం చూసుకుంటుంది. బాటసారికి ఇచ్చే చల్లదనం కూలీకి ఇవ్వడానికి మనకు అడ్డం వస్తున్నదేమిటి? డబ్బేనా?

డబ్బే అని నేను అనుకుంటున్నాను. ఇక్కడ చాలా పనులకు కూలి లెక్క చేసినదాన్ని బట్టే. అన్ని బుట్టలకు ఇంత, అన్ని మీటర్లకు ఇంత, అన్ని గ్రోసులకు ఇంత. అలాంటి కూలిలో నీడన గడిపిన ప్రతి నిమిషం ఎవరి జేబులోంచి పోతోంది? ఆ కూలీ జేబులోంచే. మేస్త్రీ అరవక్కర్లేదు, తన ఆకలే తనను లేపుతుంది. అందుకే మధ్యాహ్నం పని ఆపాలన్న ఆజ్ఞ ఒక్కటే సరిపోదేమోనని నా సందేహం. కేరళలో ప్రతి వేసవిలో కార్మిక శాఖ మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని ఉత్తర్వు ఇస్తుంది. కరీంనగర్, నిజామాబాద్ నుంచి, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు వేలల్లో వెళ్లిన గల్ఫ్‌లో, ఖతర్ 2021 నుంచి వేసవి నెలల్లో పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయటి పని నిషేధించింది. తేమను కూడా కలిపి కొలిచే వేడి సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ గంటలోనైనా పని ఆపాలంది. తమిళనాడు ప్రభుత్వం 2024లో వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఇవన్నీ మంచి అడుగులే, నేను కాదనను. కానీ ఆపిన ఆ మూడు గంటల కూలి మాటేమిటి? అది ఎవరూ చెప్పకపోతే, ఆ మూడు గంటల పనినీ కూలీలు పొద్దున చీకట్లోనూ సాయంత్రపు ఉక్కలోనూ పరుగులు పెట్టి పూర్తిచేస్తారు. ఒంటికి దక్కిన నీడను ఒళ్లే మళ్లీ చెల్లించుకుంటుంది.

ఈ ముడిని విప్పిన ఒక ఏర్పాటు తెలుగు నేల మీదే ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు వేసవి భత్యం ఇచ్చేవారు. ఆ పనుల్లో కూలి తవ్విన కొలతను బట్టి వస్తుంది. మాఘం దాటాక నేల గట్టిపడుతుంది, ఒళ్లు త్వరగా వడలిపోతుంది, తవ్వే గుంత తగ్గుతుంది. అందుకని ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలను బట్టి 20 నుంచి 30 శాతం దాకా అదనంగా కట్టి ఇచ్చేవారు. మే నెలలో తక్కువ తవ్వినా చలికాలపు కూలి చేతికందేది. చూడ్డానికి చిన్న శాతమే. దాని వెనక ఉన్న ఆలోచన మాత్రం చాలా పెద్దది. ఎండలో మనిషి కూర్చోక తప్పదని ప్రభుత్వం ఒప్పుకుంది, ఆ కూర్చున్నదానికి కూడా లెక్కగట్టి కూలి ఇచ్చింది. ఆ నేల మీదే 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో వడగాడ్పుకు వెయ్యికి పైగా మనుషులు పోయారు. పోయినవాళ్లలో వయసు మళ్లినవాళ్లతో పాటు ఆ రోజు కూలి వదులుకోలేక ఎండలోకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఎండ సంగతి తెలియక వెళ్లారని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని వాళ్లకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఆడవాళ్ల సంగతి చెప్పకుండా ఈ మాట ముగించలేను. తట్ట మోసే అక్కలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు చాలా తక్కువ తాగుతారు. దాహం లేక కాదు, వెళ్లడానికి చాటు లేక. పని చోట మరుగుదొడ్డి లేకపోతే నీళ్ల కుండ పెట్టినా ప్రయోజనం సగమే. తమిళనాడు ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లను పరీక్షించిన చెన్నై పరిశోధకులు వేడి వల్ల కలిగే ఇబ్బందులతో పాటు మూత్రపిండాల పనితీరు తగ్గడాన్నీ గమనించారు. మధ్య అమెరికా చెరకు తోటల్లో నడివయసు రాకుండానే కోత కూలీల మూత్రపిండాలు పాడైపోవడం చూసి అక్కడ నీళ్లు, నీడ, విరామం కలిపి ఒక పద్ధతిగా పెట్టి చూశారు. ఎల్ సాల్వడార్‌లో అలా చేసిన చోట కోసిన చెరకు తగ్గకపోగా పెరిగింది. విరామం ఇస్తే ఉత్పత్తి పెరుగుతుందన్న ఈ మాట యజమానులకు నచ్చుతుంది కాబట్టి చెప్పడం మంచిదే. కానీ పెరగకపోతే? అప్పుడు విరామం మానేయాలా? ఈ ప్రశ్న దగ్గర నాకు తడబాటు లేదు. ఉత్పత్తి పెరిగినా తగ్గినా, మనిషి సాయంత్రం తన కాళ్ల మీద తను ఇంటికి చేరాలి. మూత్రం సాఫీగా రావాలి, అన్నం సహించాలి, మర్నాడు లేవగలగాలి. ఒక రోజు పని సరిగ్గా జరిగిందా లేదా అని అడిగితే నా దృష్టిలో దాని కొలత ఇదే.

ఎండలో మనిషి పడిపోయేముందు మాట తడబడుతుంది, పొంతన లేకుండా మాట్లాడతాడు, ఆ సంగతి తనకే తెలియదు. అలాంటి మనిషిని నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్లు పోసి, విసురుతూ, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తెలివి తప్పితే నోట్లో నీళ్లు పోయకూడదు. అందుకే ఎవరినీ ఒంటరిగా ఎండలో పనికి పెట్టకూడదు. పెద్ద పెద్ద చట్టాలు వచ్చేదాకా ఆగనక్కర్లేకుండా మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. మనలో చాలామంది ఏదో ఒక రోజు ఎవరో ఒకరిని పనికి పిలుస్తాం. గోడ కట్టించడానికి, కొబ్బరికాయలు దింపించడానికి, ఇంటి ముందు మట్టి ఎత్తించడానికి. వేసవిలో పిలిస్తే బేరం ఆడేటప్పుడే నాలుగు మాటలు అనుకుందాం. పని ఆరింటికి మొదలు, పన్నెండుకు ఆపు. గంటకోసారి నీడలో కూర్చోవాలి, ఎప్పుడు కూర్చోవాలో పని చేసేవాళ్లే చూసుకుంటారు. మన ఇంటి నీళ్లు వాళ్లవి, మన ఇంటి మరుగుదొడ్డి వాళ్లది. ఆ కూర్చున్న సమయానికీ పూర్తి కూలి. ఇంత ఇవ్వడానికి చేతిలో డబ్బు చాలకపోతే పనిని కార్తీకం దాకా వాయిదా వేసుకోవాలి. అంతేగాని, నీడకు కూలి కట్టకుండా ఎండలో మనిషి చేత పని చేయించుకునే హక్కు మనకు లేదు.